ఫిలిప్పీన్స్ కళను చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: అడిగింది ఒకరు, చేసింది మరొకరు

గత రెండు పాఠాల్లో స్పెయిన్ వాళ్లు రాకముందు సంగతులు చూశాం. అంగోనో దగ్గర రాతి గోడలో చెక్కిన 127 ఆకారాలు, పలావాన్ గుహలో దొరికిన మనుంగుల్ కుండ, దాని మూత మీద పడవలో కూర్చున్న ఇద్దరు మనుషులు, ఇఫుగావో అనే కొండప్రాంతపు తెగవాళ్ల ధాన్యపు కొట్లకు కాపలా ఉండే బులుల్ చెక్కబొమ్మలు. వాటి ముందు మనం వేసుకున్న ప్రశ్న ఒకటే: దీన్ని దేనికి వాడారు?

ఇవాళ్టి నుంచి ఆ ఒక్క ప్రశ్న చాలదు. 1565లో స్పెయిన్ పాలన మొదలయ్యాక బొమ్మ కావాలని అడిగేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు అయ్యారు. అందుకని ఇక మీదట రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఎవరు అడిగితే తయారైంది? వాళ్లు అడగనిది, చేసినవాళ్లు ఏం కలిపారు? మొదటిదానికి జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. రెండోదానికి మాత్రం బొమ్మనే పట్టి పట్టి చూడాలి. ఈ పాఠంలో మనం సాధన చేయాల్సింది అదే.

దంతపు బొమ్మలతో మొదలుపెడదాం. కొత్తగా కట్టిన చర్చిలకు మేరీమాత, బాలయేసు, పునీతుల విగ్రహాలు కావలసి వచ్చాయి. ఫాదర్లు ఐరోపా నుంచి తెచ్చిన విగ్రహాలు, అచ్చు బొమ్మలు చూపించి అలాంటివే చేయమన్నారు. దంతం చెక్కినవాళ్లలో ఎక్కువమంది మనీలా కోట గోడల బయట, పరియాన్ అనే పేటలో ఉండే చైనా పనివాళ్లు. మనీలా మొదటి బిషప్ డొమింగో దె సలాజార్ 1590లో స్పెయిన్ రాజుకు రాసిన లేఖలో వాళ్ల దంతపు పనిని తెగ మెచ్చుకున్నాడు. ఈ బొమ్మలు ఓడలెక్కి మెక్సికోకు, అక్కణ్నుంచి స్పెయిన్‌కు వెళ్లాయి. అందుకే ఇవి ఇప్పుడు చాలా దేశాల మ్యూజియాల్లో కనిపిస్తాయి.

ఫోన్‌లో అలాంటి దంతపు మేరీమాత బొమ్మ ఒకటి తెరవండి. ముఖం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు నిలువెత్తు ఆకారాన్ని చూడండి. చాలా బొమ్మల్లో ఒళ్లు కాస్త ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అది ఏనుగు దంతానికి ఉన్న సహజమైన వంపు. చెక్కినవాడు ఆ వంపుతో పోట్లాడకుండా దాన్నే భంగిమగా మార్చుకున్నాడు. ఇప్పుడు జూమ్ చేసి కళ్లు చూడండి. పైరెప్పలు బరువుగా, సగం వాలి ఉంటాయి. ఆ తర్వాత మెడ. గొంతు మీద అడ్డంగా ముడతల గీతలు కనిపించవచ్చు. ఆ కళ్లు, ఆ గీతలు చైనాలో బౌద్ధ విగ్రహాలు చెక్కేవాళ్ల చేతికి తరాలుగా అలవాటైనవి. చర్చి అడిగింది ఐరోపా మేరీమాతను. వచ్చింది కూడా మేరీమాతే, కానీ చూపులో చైనా బౌద్ధుల కరుణాదేవత గ్వాన్‌యిన్ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏదో ఒక్క లక్షణం దొరకగానే తీర్పు చెప్పేయకండి. కనురెప్పలు, మెడ, వేళ్లు, బట్టల మడతలు అన్నీ చూశాక, కనీసం రెండు మూడు ఒకే వైపు చూపిస్తేనే ఒక అభిప్రాయానికి రండి.

ఊరేగింపు విగ్రహాల సంగతి కాస్త వేరు. మన గుళ్లలో ఉత్సవ విగ్రహాలకు పట్టుబట్టలు కట్టినట్టే వీటికీ నిజం బట్టలు తొడుగుతారు. తల, చేతులు మాత్రం దంతంతోనో చక్కటి కొయ్యతోనో చేస్తారు. బట్టల కింద చాలాసార్లు ఉండేది ఉత్త చెక్క చట్రమే. కాబట్టి ఇలాంటి విగ్రహంలో పనితనం వెతకాల్సింది ముఖంలో, వేళ్లలో. లగూనా రాష్ట్రంలోని పయేటె అనే ఊళ్లో చెక్కపని ఇప్పటికీ జనానికి బతుకుతెరువే.

ఇక రంగుల బొమ్మలకు వద్దాం. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఉత్తరాన ఇలోకోస్ ప్రాంతానిది. అక్కడి జనం చెరకు రసాన్ని పులియబెట్టి బాసి అనే మద్యం చేసుకునేవారు. సర్కారు ఆ వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుని, ఇళ్లల్లో చేయకూడదంది. 1807లో జనం తిరగబడ్డారు, సైన్యం అణచివేసింది. పద్నాలుగేళ్ల తర్వాత, 1821లో, ఎస్తెబాన్ విల్యనువేవా అనే చిత్రకారుడు ఆ కథను 14 నూనెరంగుల చిత్రాలుగా వేశాడు. అవి ఇప్పుడు విగాన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి.

మొదటి ప్రశ్న వేయండి. కథ నడిచేది పాలకుల వైపు నుంచే. తిరుగుబాటు ఓడిపోతుంది, చివరికి ఉరిశిక్షలు. చూసినవాళ్లు భయపడాలన్న ఉద్దేశం దాగదు. ఇప్పుడు రెండో ప్రశ్న. సైనికులను చూడండి: ఒకే ఎత్తు, ఒకే నడక, వరస తప్పరు. దూరం ఉన్నవాళ్లు చిన్నగా, దగ్గరున్నవాళ్లు పెద్దగా కనిపించాలన్న ఐరోపా పద్ధతిని ఈయన పెద్దగా పట్టించుకోలేదు. బళ్లో ఎవరూ నేర్పని చేయి ఇది. ఇక ఆకాశం చూడండి. తోకచుక్క ఉంది! 1807లో నిజంగానే పెద్ద తోకచుక్క కనిపించింది. అది లేకపోయినా శిక్షల కథ చెప్పొచ్చు. ఆ ఏడాది ఆ ఊళ్ల జనం తలెత్తి చూసిన ఆకాశం అలా బొమ్మలోకి వచ్చి చేరింది. నా మటుకు నాకు ఆ 14 చిత్రాల్లో ప్రాణం అక్కడే ఉంది.

అదే 1821లో మనీలాలోని తోండోలో డమియన్ డొమింగో తన ఇంట్లో బొమ్మల బడి పెట్టాడు. దేశంలో మొదటి చిత్రకళా పాఠశాలగా దాన్నే చెబుతారు. ఆయన వేసిన నీటిరంగుల బొమ్మల్లో రకరకాల వృత్తులవాళ్లు, వాళ్ల బట్టలు కనిపిస్తాయి. కొనేవాళ్లు ఎక్కువగా విదేశీయులు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లీషువాళ్లు మన దక్షిణ భారతంలో చిత్రకారుల చేత కులవృత్తుల ఆల్బమ్‌లు వేయించుకునేవారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, బట్టల మీద పెట్టిన శ్రద్ధ ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు అసలు బొమ్మకు వచ్చాం. హువాన్ లూనా గీసిన స్పోలియారియం. ఇలోకోస్‌లోని బదోక్‌లో 1857లో పుట్టిన లూనా దీన్ని రోమ్‌లో వేశాడు. 1884లో మాడ్రిడ్‌లో జరిగిన జాతీయ చిత్రకళా ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఎత్తు 4 మీటర్ల పైన, వెడల్పు ఏడున్నర మీటర్లకు పైన. ఫోన్ స్క్రీన్ మీద ఆ పరిమాణం అర్థం కాదు. బొమ్మలో మనుషులు మీ అంత పొడవు ఉన్నారని ఊహించుకుని చూడండి.

ఎవరు అడిగారు? ఆనాటి ప్రదర్శనల్లో పతకం కావాలంటే చరిత్రలోంచి, అదీ రోమ్ కథల్లోంచి, పెద్ద ఘట్టం తీసుకుని భారీగా వేయాలి. లూనా ఆ లెక్క తప్పలేదు. ఆయన కలిపింది ఏమిటో తెలియాలంటే ఏ చోటును ఎంచుకున్నాడో చూడాలి. గ్లాడియేటర్ల పోటీ జరిగే మైదానం గీయలేదు, గెలుపు గీయలేదు. చచ్చిపోయినవాళ్లను ఈడ్చుకొచ్చి, ఒంటి మీది కవచాలు వలిచే చీకటి గదిని గీశాడు. స్పోలియారియం అంటే ఆ గదే. మధ్యలో శవాలను లాగుతున్నారు. ఎడమ పక్క చూడ్డానికి ఎగబడిన జనం. ఇప్పుడు చేత్తో ఎడమ సగం మూసేయండి. కుడి పక్క నేల మీద కూలబడిన ఆడమనిషి మిగులుతుంది. ఆమె వీపు మన వైపు ఉంది. మాడ్రిడ్ జడ్జీలు అడిగిన కథలో ఆ మనిషికి చోటు ఉండి తీరాలన్న నియమం లేదు.

1884 జూన్ 25న మాడ్రిడ్‌లో జరిగిన విందులో, తర్వాత ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడిగా పేరొందిన రచయిత హోసే రిజాల్ మాట్లాడుతూ, ఈ చిత్రంలో తమ సమాజపు బతుకే కనిపిస్తోందన్న అర్థం వచ్చేలా చెప్పాడు. అప్పటినుంచి ఫిలిప్పినోలు దీన్ని వలస పాలన బొమ్మగానే చూస్తున్నారు. నేర్చుకునేవాళ్లు ఇక్కడ రెండు విషయాలను విడదీసుకోవాలి. కాన్వాస్ మీద ఉన్నది రోమ్. మనీలాను అందులో చూసింది రిజాల్, ఆయన మాట విన్న జనం. ఆ చూపు తప్పని నేననను, ఆ బొమ్మ బలమంతా దానికి చోటివ్వడంలోనే ఉంది. కానీ నోట్స్ రాసుకునేటప్పుడు రెండూ ఒకే వాక్యంలో కలపకండి.

మనీలాలో మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. మీలో ఎవరైనా ఈ పాఠం చదువుతుంటే, ఈ బొమ్మ అక్కడి నేషనల్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లోనే ఉంది, టికెట్ కూడా లేదు. ముందు బాగా వెనక్కి నిలబడి చూడండి. తర్వాత దగ్గరికి వెళ్లి ఆ స్త్రీ ఉన్న మూలలో కాసేపు ఆగండి.

ఇంటి పని: అదే 1884 ప్రదర్శనలో ఫెలిక్స్ రెసురెక్సియోన్ ఇడాల్గోకు వెండి పతకం వచ్చింది. రోమ్‌లో అల్లరిమూక ముందు నిలబెట్టిన క్రైస్తవ కన్యల చిత్రం అది. దాన్ని వెతికి తెరిచి, లూనా బొమ్మ పక్కన పెట్టండి. ఇద్దరినీ అడిగినవాళ్లు ఒకరే. ఇద్దరూ కలిపింది ఒకటేనా? పది వాక్యాల్లో రాయండి, అందులో కనీసం ఆరు బొమ్మలో కంటికి కనిపించేవాటి గురించే ఉండాలి.

వచ్చే పాఠంలో చిత్రకారుడు ఫెర్నాండో అమోర్సోలో గీసిన పొలాలకు వెళ్దాం. ఈలోగా ఆయన నాట్ల బొమ్మ ఒకటి దగ్గర పెట్టుకుని, ఎండ మనుషుల ముందు నుంచి పడుతోందో వెనక నుంచి పడుతోందో గుర్తించి ఉంచండి.