విలియమ్స్‌టౌన్‌లో ఇల్లు చూసే ముందు

మెల్‌బోర్న్ శివార్లు టార్నీట్, పాయింట్ కుక్‌లలో కొత్త ఇళ్లకు అలవాటుపడ్డ మనవాళ్లు, మెల్‌బోర్న్ పాత రేవుపేట విలియమ్స్‌టౌన్‌కి వెళ్తే సముద్రం తర్వాత చూడండి, ముందు గోడలు చూడండి. అక్కడ పాతవి ఎక్కువగా చెక్కపలకల ఇళ్లు. కింది పలకను వేలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగితే పుచ్చినట్టే. మేకుల చుట్టూ తుప్పు చారలున్నాయా? ఇంటి ఫ్లోరు కిందికి గాలి వెళ్లే జాలీలు మట్టితో పూడిపోయాయా? వంగి చూడాల్సిందే. కొత్త రంగు చాలా దాచేస్తుంది.

ఇంటిమీద హెరిటేజ్ ఓవర్‌లే (పాత కట్టడాలను కాపాడే ప్లానింగ్ నిబంధన) ఉందేమో అక్కడి హాబ్సన్స్ బే కౌన్సిల్‌ని అడగండి. ఉంటే బయటి మార్పులకు చాలావరకు పర్మిట్ కావాలి. సెక్షన్ 32 పత్రాలు (ఇంటి గురించి అమ్మేవాళ్లు ఇవ్వాల్సిన వివరాలు) వేలానికి ముందే లాయరుకి చూపించండి. వేలంలో కొన్నాక మనసు మార్చుకునే గడువు ఉండదు.

జనం వయసులు, అద్దెలు, ఇంట్లో మాట్లాడే భాషలు సెన్సస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2016, 2021 అంకెలు పక్కపక్కన పెట్టుకుంటేనే పేట ఎటు మారుతోందో తెలుస్తుంది.

ఓడల పని, న్యూపోర్ట్ రైల్వే వర్క్‌షాపులు ఒకప్పుడు ఇక్కడి కూలీలను పోషించాయి. పక్కనున్న ఆల్టోనా రిఫైనరీ 2021లో మూతపడింది. మీ ఉద్యోగం సిటీలో అయితే, ఆఫీసు వేళకు అక్కడి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దాకా రైల్లో వెళ్లి చూశాకే ధర మాట్లాడండి.