ఫలానా అక్షరాలున్న అరుదైన ఇంగ్లిష్ పదాలను ఎలా వెతకాలి?

అక్షరాల పలకలతో ఇంగ్లిష్ పదాలు పేర్చే స్క్రాబుల్‌లో ఆట చివరికొచ్చేసరికి చేతిలో మిగిలేవి ఎప్పుడూ మొండి అక్షరాలే. క్యూ ఉంటుంది, దానికి తోడు యూ ఉండదు. క్యూ, జెడ్‌లకు 10 పాయింట్లు, జె, ఎక్స్‌లకు 8 పాయింట్లు ఇచ్చేది కూడా వాటితో పదాలు దొరకడం కష్టమనే. అయితే ఆ పదాలు డిక్షనరీ అంతా చెల్లాచెదురుగా పడి ఉండవు. చాలావరకు కొన్ని చోట్లే గుంపుగా ఉంటాయి. ఆ చోట్లు తెలిస్తే సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండానే సగం పని అయిపోతుంది.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

'ఈ అక్షరాలున్న పదం కావాలి' అంటే చాలదు. అవి పక్కపక్కనే ఉండాలా? విడివిడిగా ఉన్నా అదే వరుసలో రావాలా? ఎలా ఉన్నా ఫర్వాలేదా? ఇంగ్లిష్ అచ్చులు అయిదూ ఉన్న పదాలు బోలెడున్నాయి, 'ఎడ్యుకేషన్' కూడా వాటిలో ఒకటి. అవే ఎ, ఇ, ఐ, ఓ, యూ వరుసలో, ఒక్కొక్కటి ఒక్కసారే రావాలంటే మాత్రం వేళాకోళంగా ఉండే 'ఫెసీషియస్', తిండీ తాగుడూ మితంగా ఉండే 'ఆబ్‌స్టీమియస్' లాంటివి కొన్నే మిగులుతాయి.

2. అన్నిటికన్నా అరుదైన అక్షరాన్ని పట్టుకోండి

ఇ, టి, ఎక్స్, క్యూ నాలుగూ ఉన్న పదం కావాలనుకోండి. ఇ, టి గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోవద్దు, అవి ఎక్కడైనా ఉంటాయి. క్యూ, ఎక్స్ కలిసి ఉన్నవి గుర్తుచేసుకోండి: ఈక్వినాక్స్, ఎక్స్‌చెకర్, క్విక్సాటిక్, ఎక్స్‌క్విజిట్, పాచిక మీద అయిదు చుక్కల అమరికకి పేరైన క్విన్‌కన్క్స్. ఈ అయిదింటిలో నాలుగు అక్షరాలూ ఉన్నది ఎక్స్‌క్విజిట్ ఒక్కటే.

3. పదాలు దాక్కునే చోట్లు చూడండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వింతగా కనిపించే అక్షరాల జంట సాధారణంగా మూడు చోట్ల పుడుతుంది.

మొదటిది, రెండు పదాలు అతుక్కున్న చోటు. ఒకే ధాతువులో రెండు హెచ్‌లు పక్కపక్కన రావడం అరుదు. హెచ్‌తో ముగిసే మాట పక్కన హెచ్‌తో మొదలయ్యే మాట చేరితే సులువుగా వస్తాయి: విత్‌హోల్డ్, హిచ్‌హైక్, ఫిష్‌హుక్, బాత్‌హౌస్. రెండు కె‌లకి జాక్‌నైఫ్, రెండు డబ్ల్యూలకి మిణుగురు జాతికి చెందిన గ్లోవార్మ్. 'బుక్‌కీపర్' అయితే మరీ గడుసుది, రెండు ఓలు, రెండు కె‌లు, రెండు ఇ‌లు వరసగా వచ్చేస్తాయి.

రెండోది, పదం చివర ప్రత్యయం తగిలిన చోటు. స్కీయింగ్, టాక్సీయింగ్‌లలో రెండు ఐ‌లు, రెవ్వింగ్‌లో రెండు వి‌లు, ట్రెక్కింగ్‌లో రెండు కె‌లు. ఇవి రోజూ వినే మాటలే కాబట్టి అరుదైనవని అనిపించవు. అందుకే చటుక్కున గుర్తుకు రావు కూడా.

మూడోది, వేరే భాషల నుంచి తెచ్చుకున్న మాటలు. యూ లేని క్యూ కావాలంటే అరబిక్ దారిలో వచ్చినవి చూడండి: బుర్ఖా, నిఖాబ్, భూగర్భ కాలువ అయిన ఖనాత్. చైనీస్ నుంచి వచ్చిన 'చీ'కి క్యూ, ఐ రెండే అక్షరాలు, స్క్రాబుల్ ఆడేవాళ్లకి ప్రాణదాత. ఎ, ఇ, ఐ, ఓ, యూ ఏవీ లేని పదాలకి వెల్ష్ భాష దిక్కు. అక్కడ డబ్ల్యూ అచ్చు పని చేస్తుంది. హిమానీనదం తొలిచిన లోయ 'కూమ్' స్పెల్లింగ్ సి, డబ్ల్యూ, ఎమ్. పాతకాలపు తంత్రీవాద్యం 'క్రూత్' సి, ఆర్, డబ్ల్యూ, టి, హెచ్. పి, హెచ్, టి, హెచ్ వరసగా రావాలంటే గ్రీకు: నాఫ్తా, డిఫ్తాంగ్, ఆఫ్తల్మాలజీ. గరుకు లావాని సూచించే హవాయి మాటకి రెండు ఎ‌లే, అంతకుమించి అక్షరం లేదు.

4. మిగిలినది టూల్‌కి వదిలేయండి

వన్‌లుక్ లాంటి డిక్షనరీ సైట్లలో ప్రశ్నార్థకం (?) ఒక అక్షరానికి, నక్షత్రం గుర్తు (*) ఎన్ని అక్షరాలకైనా నిలబడుతుంది. నక్షత్రం, రెండు హెచ్‌లు, మళ్లీ నక్షత్రం టైప్ చేస్తే మధ్యలో ఆ జంట ఉన్నవన్నీ వస్తాయి. చాలామందికి తెలియనిది ఏంటంటే, వన్‌లుక్‌లో # పెడితే ఏ హల్లయినా, @ పెడితే ఏ అచ్చయినా అని అర్థం. అక్షరాలు ఎలా ఉన్నా ఫర్వాలేదంటే పదాల జాబితా ఒకటి డౌన్‌లోడ్ చేసి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవడం మేలు. ఉచితంగా దొరికే 'ఎనేబుల్' జాబితాలో 1,70,000కు పైగా పదాలున్నాయి. ముందు క్యూ ఉన్నవి ఫిల్టర్ చేయండి, మిగిలినవాటిలో ఎక్స్ ఉన్నవి, అలా ఒక్కో అక్షరంతో వడకడుతూ పోండి.

ఒక జాగ్రత్త: చెవికి వినపడినట్టు టైప్ చేయొద్దు. 'నీమోనిక్' ఎమ్‌తో, 'న్యుమోనియా' పి‌తో మొదలవుతాయి. గుర్తులు వాడేటప్పుడు స్పెల్లింగే ప్రమాణం.

5. దొరికినదాన్ని నమ్మేముందు

జాబితాల్లో మనుషుల పేర్లు, పొట్టి రూపాలు, అచ్చుతప్పులు కలిసిపోయి ఉంటాయి. కాబట్టి పేరున్న డిక్షనరీలో అర్థం, ఉచ్చారణ, వాడుకలో ఉందా లేదా అన్నవి చూడండి. వీలైతే ఒకటి కాదు, రెండిటిలో. 1934 నాటి వెబ్‌స్టర్స్ పెద్ద డిక్షనరీలోనే 'డోర్డ్' అనే లేని పదం సాంద్రత అనే అర్థంతో అచ్చయింది. నిజానికి అది డెన్సిటీకి పెద్ద డి గానీ చిన్న డి గానీ సంక్షిప్త రూపం అని చెప్పే 'D or d' చీటీ. పొరపాటున పదాల కట్టలో కలిసిపోయింది. 1939లో గానీ ఎవరి కంటా పడలేదు.

ఆట కోసమైతే డిక్షనరీలో ఉంటే సరిపోదు, ఆ ఆట జాబితాలో ఉండాలి. స్క్రాబుల్ టోర్నమెంట్లకి అమెరికాలో ఒక జాబితా, చాలా ఇతర దేశాల్లో కాలిన్స్ వాళ్లది నడుస్తాయి. రెండిట్లో ఏది చెల్లుతుందో మొదటి పలక పెట్టకముందే ఎదుటివాళ్లతో మాట్లాడుకోండి.