చిన్న డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వేశాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

ఆఫీసుల నుంచి బయటికొచ్చిన పాత డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ చిన్న బాక్సులు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి ఆన్‌లైన్ షాపుల దాకా అన్నిచోట్లా దొరుకుతున్నాయి. తక్కువ బడ్జెట్‌లో చదువుకీ, ఎడిటింగ్‌కీ, కాస్త గేమింగ్‌కీ ఇవి నిజంగా మంచి మెషీన్లు. తంటా అంతా కార్డు వేసేటప్పుడే. తెర నల్లగా ఉండిపోతే "కార్డు పోయింది" అని చాలామంది వెంటనే తేల్చేస్తారు. కానీ చూడాల్సినవి ముందు చాలా ఉంటాయి. కింద రాసింది ఎక్కువగా ఆప్టిప్లెక్స్ 7010, 9020 చిన్న మోడళ్లను దృష్టిలో పెట్టుకుని. మిగతా కంపెనీల చిన్న బాక్సుల్లోనూ కథ దాదాపు ఇదే.

కార్డు క్యాబినెట్‌లో పట్టడం లేదు

మామూలు కార్డు బ్రాకెట్ ఎత్తు 12 సెంటీమీటర్లు. చిన్న క్యాబినెట్‌లో పట్టేది లో ప్రొఫైల్ బ్రాకెట్, అది 8 సెంటీమీటర్ల లోపే. కార్డు బోర్డు పొట్టిదే అయి బ్రాకెట్ మాత్రమే పొడుగైతే, స్క్రూలు విప్పి చిన్న బ్రాకెట్ మార్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఆ చిన్న బ్రాకెట్ ఉందో లేదో ముందే అడగండి. అసలు బ్రాకెట్ లేకుండా పెట్టేస్తే, కేబుల్ లాగినప్పుడల్లా కార్డు స్లాట్‌లో కదులుతుంది.

ఎత్తు సరిపోయినా మందం అడ్డురావచ్చు. కొన్ని మోడళ్లలో 16 లేన్ల (డేటా దారుల) స్లాట్ పక్కన ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) గోడే ఉంటుంది, రెండు స్లాట్ల మందం కార్డు అక్కడ పట్టదు. జీటీ 1030, ఎన్విడియా టీ1000, ఒక స్లాట్ మందంతో వచ్చే ఆర్‌ఎక్స్ 6400 లాంటివి చూసుకోవాలి. స్కేలుతో కొలవకుండా కార్డుకి డబ్బు కట్టకండి.

పవర్ ఆన్ అవుతోంది, డిస్‌ప్లే రావడం లేదు

మొదట చూడాల్సింది మానిటర్ కేబుల్. కార్డు కనిపించగానే చాలా బయోస్‌లు (మెషీన్ ఆన్ అవగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాములు) మదర్‌బోర్డు డిస్‌ప్లేను ఆపేస్తాయి. కేబుల్ ఇంకా పాత పోర్టులోనే ఉంటే తెర నల్లగానే ఉంటుంది. దాన్ని తీసి కార్డుకి పెట్టండి.

మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే పని కాస్త పెరుగుతుంది. జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి ఎన్విడియా కార్డుల్లో అనలాగ్ సిగ్నల్ లేదు. కాబట్టి పిన్నులు మార్చే చవక డీవీఐ అడాప్టర్‌తో బొమ్మ రాదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ కావాలి. ఇది ఒక వైపుకే పనిచేస్తుంది. చూడటానికి అచ్చం అలాగే ఉండే వీజీఏ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ ఇక్కడ పనికిరాదు, ప్యాకెట్ మీద ఏది ముందు రాశారో చూసి కొనండి. టీ1000కైతే ఉన్నవన్నీ మినీ డిస్‌ప్లేపోర్టులే, అడాప్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

కేబుల్ సరిగ్గానే ఉంటే కార్డు స్లాట్‌లో పూర్తిగా కూర్చుందేమో చూడండి. ముందు ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత టార్చ్ వేసి స్లాట్ అంచును పక్క నుంచి చూడండి. బంగారు రంగు పళ్లు ఒక చివర దాగి, రెండో చివర సన్నని గీతలా మెరుస్తుంటే కార్డు వాలి ఉన్నట్టే. చిన్న క్యాబినెట్లలో ఇలా కావడానికి చాలాసార్లు కారణం బ్రాకెట్ కింది నాలుక చట్రంలో సరిగ్గా దిగకపోవడం. కార్డు బయటికి తీసి, నాలుకను ముందు దింపి, క్లిప్ టక్కుమనేదాకా నిటారుగా నొక్కాలి. పళ్లు మాసి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

అప్పటికీ రాకపోతే కార్డు తీసేసి మదర్‌బోర్డు డిస్‌ప్లే మీదే మెషీన్ ఆన్ చేసి, కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్‌కి ఉన్న చివరి బయోస్ ఎక్కించండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పోవచ్చు, యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి. కొన్ని కొత్త కార్డులకు యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బూట్ తప్పనిసరి. విండోస్ పాత లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ (పాత తరహా విభజన) డిస్క్ మీద ఉంటే మాత్రం ఊరికే యూఈఎఫ్ఐకి మార్చేస్తే బూట్ కాదు. ముందు విండోస్‌లో ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో డిస్క్‌ని మార్చాలి. డేటా పోకుండానే మారుస్తుంది, అయినా బ్యాకప్ తీసుకోండి.

సీమాస్ బ్యాటరీ తీసి పెట్టాక విండోస్ నీలి తెర చూపిస్తోంది

ఇది చూసి హార్డ్ డిస్క్ పోయిందని భయపడి, విండోస్ మళ్లీ వేసి ఫైళ్లు పోగొట్టుకునేవారున్నారు. ఆ అవసరమే లేదు.

డిస్‌ప్లే రావాలని సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ) తీసి బయోస్ రీసెట్ చేస్తే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి. డెల్ మెషీన్లలో సాటా ఆపరేషన్ అనే సెట్టింగ్ చాలావరకు రెయిడ్ ఆన్‌కి తిరిగి వస్తుంది. మీ విండోస్‌ని ఏహెచ్‌సీఐలో (డిస్క్‌తో మాట్లాడే ఇంకో పద్ధతి) ఇన్‌స్టాల్ చేసి ఉంటే డిస్క్‌ని గుర్తుపట్టలేక "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ ఎంచుకుంటే మామూలుగా బూట్ అవుతుంది. రీసెట్ చేసే ముందే ఆ పేజీలన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఆన్ చేసిన ప్రతిసారీ టైమ్, తేదీ తప్పు చూపిస్తే ఆ సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, కొత్తది వేయండి. "కవర్ వాజ్ ప్రీవియస్లీ రిమూవ్డ్" అని వస్తే అది లోపం కాదు, మూత తీసినట్టు గుర్తుచేస్తోందంతే. బయోస్‌లో చాసిస్ ఇంట్రూజన్ దగ్గర క్లియర్ చేయండి.

గేమ్ మొదలవగానే మెషీన్ ఆఫ్ అవుతోంది

డెస్క్‌టాప్ మీద గంటలకొద్దీ బాగుండి, గేమ్‌లోనే ఠక్కున ఆగి రీస్టార్ట్ అవుతుంటే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 కనిపిస్తుంది. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

లెక్క చూడండి. 9020 చిన్న మోడల్‌కి 255 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఐ5 4590 ప్రాసెసర్ 84 వాట్ల రకం. స్లాట్ నుంచి కార్డు తీసుకోగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. డిస్కు, ర్యామ్, ఫ్యాన్లు కలిపినా కాగితం మీద సరిపోతుంది. కానీ అది పదేళ్లకు పైగా ఆఫీసులో నడిచిన ఎస్‌ఎంపీఎస్. పైగా కొన్ని చిన్న మోడళ్ల మాన్యువల్లో కార్డుకి 75 వాట్ల కంటే తక్కువ పరిమితే రాసి ఉంటుంది, అది చదవండి. డ్రైవర్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును 60కి కట్టేసి ఆడి చూడండి. అప్పుడు ఆగకపోతే అనుమానం బలపడినట్టే. అదే సామర్థ్యం ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ మార్చాలి, లేదా 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400, 50 వాట్ల టీ1000 లాంటి తక్కువ కరెంటు కార్డుకి దిగాలి. 9020లో మదర్‌బోర్డు పవర్ కనెక్టర్ 8 పిన్నులది, బజారులో దొరికే 24 పిన్నుల ఎస్‌ఎంపీఎస్ నేరుగా తగలదు.

ఒక్క పని మాత్రం దయచేసి చేయొద్దు. సాటా పవర్ వైరు నుంచి 6 పిన్నుల కనెక్టర్ తీసే అడాప్టర్ పెట్టి పెద్ద కార్డు నడపకండి. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల దారికి 54 వాట్లే హద్దు. 6 పిన్నుల కార్డు 75 వాట్ల దాకా లాగొచ్చు. ప్లాస్టిక్ కరిగి, వైరు కాలే ప్రమాదం ఉంది. ఎక్స్‌ట్రా పవర్ కనెక్టర్ అడిగే కార్డు ఈ బాక్సుకి కాదు.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ స్పీడ్ లేదు

జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి చూడండి. 7010, 9020 లో పొడుగు స్లాట్లు రెండున్నాయి, అందులో ఒకదానికి నాలుగు లేన్లే. అదీ పీసీఐఈ (ఈ స్లాట్ రకం పేరు) 2.0 వేగంతో, అంటే సెకనుకు 2 జీబీ. అసలు స్లాట్‌లో దాదాపు 16 జీబీ. 16 లేన్ల కార్డు అక్కడ ఎక్స్4 అని చూపిస్తే స్లాట్ మార్చండి. ఆర్‌ఎక్స్ 6400 ఏ స్లాట్‌లోనైనా నాలుగు లేన్లే వాడుతుంది కాబట్టి 2.0 వేగమే ఉన్న రెండో తరం ఐ5 మెషీన్లకు నేను దాన్ని సూచించను. ఇంటెల్ ఆర్క్ కార్డులకైతే రీసైజబుల్ బార్ అనే మదర్‌బోర్డు సదుపాయం కావాలి, ఈ పాత బోర్డుల్లో అది ఉండదు.

అదే ప్రోగ్రాంలో మెమరీ రకం కూడా చూడండి. జీటీ 1030 పేరుతోనే డీడీఆర్4 కార్డు ఒకటి ఉంది. జీడీడీఆర్5 కార్డుకి సెకనుకు 48 జీబీ వేగమైతే దీనికి 17 కూడా లేదు. పేరు ముందు "ఫేక్" అని కనిపిస్తే పాత చిప్‌కి కొత్త పేరు తగిలించి అమ్మిన నకిలీ కార్డు, దాన్ని బాగుచేయడం మన చేతుల్లో లేదు, వెనక్కి ఇచ్చేయడమే. ఇవన్నీ సరిగ్గా ఉంటే ర్యామ్ ఒక్క స్టిక్కే ఉందేమో చూసి రెండోది వేయండి.

డ్రైవర్ ఎక్కడం లేదు, కోడ్ 43 వస్తోంది

కోడ్ 43 అంటే పరికరంలో సమస్య ఉందని విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. పాత డ్రైవర్ అవశేషాలుంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ ప్రోగ్రాంతో తుడిచి, కంపెనీ సైట్ నుంచి కొత్తది వేయండి. జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ పాస్కల్ తరానివి. వాటికి కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి, ఇక 580 సిరీస్ డ్రైవరే వాడాలి. ఇప్పుడు కొనేవాళ్లు జీటీఎక్స్ 1650 లేదా టీ1000కి వెళ్లడం మేలు.

డ్రైవర్ మార్చినా కోడ్ 43 పోకపోతే, అప్పుడు కార్డునే అనుమానించండి. తెలిసినవాళ్ల పెద్ద క్యాబినెట్ మెషీన్‌లో పెట్టి చూడండి. అక్కడా అదే తప్పు వస్తే, షాపువాళ్లు ఇచ్చిన టెస్టింగ్ వారంటీ గడువు దాటకముందే బిల్లుతో సహా కార్డు తీసుకెళ్లండి.