ఫుట్‌బాల్ జట్టులో రొటేషన్ నడపడం, బెంచ్ బలం పెంచుకోవడం ఎలా

2017 ఏప్రిల్ 23న రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో బార్సిలోనా చేతిలో 2-3 తేడాతో ఓడిపోయింది. ఆఖరి క్షణాల్లో మెస్సీ కొట్టిన గోల్‌తో స్పెయిన్ లీగ్ పట్టికలో రెండు జట్ల పాయింట్లూ సమానమయ్యాయి. మూడు రోజులు తిరిగేసరికి లా కొరూన్యాలో డెపోర్టివోతో మ్యాచ్ ఉంది. అక్కడ కాలు జారితే టైటిల్ చేజారే పరిస్థితి కనుక, ఏ కోచ్ అయినా తన అత్యుత్తమ పదకొండు మందినే దించుతాడని అందరూ అనుకుంటారు. కానీ రియల్ కోచ్ జినెదిన్ జిదాన్ తుది జట్టులో తొమ్మిది మార్పులు చేశాడు. మ్యాచ్‌ను బట్టి ఆటగాళ్లను ఇలా మార్చి ఆడించడమే రొటేషన్. రొనాల్డో, మోడ్రిచ్, క్రూస్, బెంజిమా లేకుండా మొదలుపెట్టిన ఆ జట్టు 6-2తో గెలిచింది.

ఈ ఫలితాన్ని చాలామంది జిదాన్ ధైర్యంగా చెప్పుకుంటారు. నా దృష్టిలో ఇందులో ధైర్యం కంటే ముందస్తు తయారీ ఎక్కువ. ఆ రాత్రి గోల్స్ కొట్టిన మొరాతా, హామెస్, ఇస్కో, లూకాస్ వాస్కెజ్ అప్పటికే సీజన్ పొడవునా ఆడుతూ వచ్చారు. ఏప్రిల్ 5న లెగానెస్‌పై మొరాతా హ్యాట్రిక్ చేశాడు, 15న హిహోన్‌లో ఆఖరి నిమిషంలో ఇస్కో గెలుపు గోల్ కొట్టాడు. జిదాన్ డెపోర్టివో మ్యాచ్‌కు కొత్తగా ఎవరినీ పరీక్షించలేదు, అప్పటికే ఒకరికొకరు అలవాటు పడిన మరో జట్టును దించాడు. ఆ విధంగా కాళ్లలో శక్తి మిగుల్చుకున్న రొనాల్డో చాంపియన్స్ లీగ్‌లో క్వార్టర్ ఫైనల్ నుంచి ఫైనల్ వరకు పది గోల్స్ చేశాడు. రియల్ 93 పాయింట్లతో లీగ్ గెలిచి, జూన్ 3న కార్డిఫ్‌లో యువెంటస్‌ను 4-1తో ఓడించింది.

కాబట్టి ఒక క్లబ్బు జట్టును ఎంపిక చేసే బాధ్యత మీ మీద ఉంటే, అది పెద్ద లీగ్ అయినా వారాంతపు జిల్లా లీగ్ అయినా, ముందుగా ఒక లెక్క మార్చుకోవాలి. బెంచ్ బలాన్ని, అంటే తుది జట్టు బయట సిద్ధంగా ఉండే ఆటగాళ్ల బలాన్ని, రిజిస్టర్ చేసిన పేర్ల సంఖ్యతో కాక, ఆ ఆటగాళ్లకు ఇచ్చిన నిమిషాలతో కొలవాలి. నిమిషాలు ఇవ్వని ఆటగాడు అవసరం వచ్చిన రోజున మీ దగ్గర లేనట్టే.

మొదట పట్టిక గీయండి

సీజన్ మొదలయ్యే ముందు ఒక నోటు పుస్తకంలో పదకొండు స్థానాలనూ ఒక్కో వరుసగా రాసుకోవాలి. ప్రతి వరుసలో మొదటి ఆటగాడి పేరు, రెండో ఆటగాడి పేరు రాయడం అందరూ చేసే పనే. అసలు విలువ మూడో గడిలో ఉంది. మొదటివాడి స్థానంలో రెండోవాడు వస్తే జట్టు ఆటలో ఏమి మారుతుందో అందులో ఒక వాక్యంగా రాయాలి. ‘ఇతను బంతిని ముందుకు పాస్ చేయగలడు కానీ వేగం తక్కువ, అందువల్ల డిఫెన్స్ వరుసను ఐదారు గజాలు వెనక్కి జరపాలి’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే మీరు ఆ రెండో ఆటగాణ్ణి సరిగా చూడలేదన్నమాట.

నాలుగో గడిలో రెండోవాడి అసలు స్థానం రాయాలి. ఒకే పేరు రెండు మూడు వరుసల్లో కనిపిస్తుంటే అక్కడే ప్రమాదం ఉంది. ఎందుకో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ 2020-21 సీజన్ చెబుతుంది.

అంతకు ముందటి సీజన్‌లో 99 పాయింట్లతో లీగ్ గెలిచిన ఆ జట్టు, వేసవిలో సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) లోవ్రెన్‌ను వదులుకుని అతని బదులు మరొకరిని తీసుకోలేదు. వాన్ డైక్, గోమెజ్, మాటిప్ ఉన్నారు కదా, మిడ్‌ఫీల్డర్ ఫాబిన్యో కూడా అవసరమైతే వెనక ఆడగలడు కదా అన్నది అప్పటి లెక్క. కాగితం మీద అది తప్పుగా కనిపించదు. అక్టోబర్ 17న ఎవర్టన్‌తో మ్యాచ్‌లో వాన్ డైక్ మోకాలు దెబ్బతింది. నవంబర్‌లో ఇంగ్లండ్ శిక్షణ శిబిరంలో గోమెజ్ గాయపడ్డాడు. జనవరి ఆఖరుకు మాటిప్ సీజన్ కూడా ముగిసింది. డిఫెన్స్‌లోకి ఫాబిన్యో వచ్చాడు, తర్వాత హెండర్సన్ వచ్చాడు. ఇద్దరూ వెనక బాగానే ఆడారు, కానీ వారు వదిలి వచ్చిన మిడ్‌ఫీల్డ్ ఖాళీ అయింది. బంతిని మధ్యలోనే అడ్డుకునేవాడు లేక, ముందుకు వేగంగా అందించేవాడు లేక, ఒక స్థానంలోని గాయం మూడు స్థానాల బలహీనతగా మారింది. సొంత మైదానంలో 68 లీగ్ మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని జట్టు అక్కడే వరుసగా ఆరు ఓడిపోయింది.

మార్చిలో ఫాబిన్యోను తిరిగి మిడ్‌ఫీల్డ్‌కు పంపి, వెనక అనుభవం తక్కువ ఉన్న కుర్రాళ్లనే నమ్ముకున్నాక పరిస్థితి మారింది. ఆఖరి పది లీగ్ మ్యాచ్‌లలో లివర్‌పూల్ ఎనిమిది గెలిచి, రెండు డ్రా చేసుకుని మూడో స్థానంలో నిలిచింది. చివరి మ్యాచ్‌లలో సెంటర్ బ్యాక్‌లుగా ఆడినవారు నాట్ ఫిలిప్స్, రీస్ విలియమ్స్. విలియమ్స్ అంతకు ముందటి సీజన్‌లో ఇంగ్లండ్ ఆరో అంచెలోని కిడర్‌మిన్‌స్టర్ తరఫున ఆడుతున్నవాడు. ఈ ఉదాహరణ నుంచి నేను తీసుకున్న నియమం ఇది: ఖాళీని ఆ స్థానానికి చెందిన సాధారణ ఆటగాడితో నింపడం, మరో స్థానంలోని గొప్ప ఆటగాణ్ణి పీకి తెచ్చి నింపడం కంటే చాలాసార్లు మేలు.

పెద్ద లీగ్‌లలో పట్టిక పొడవుకు హద్దు కూడా ఉంటుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 25 మందిని మాత్రమే నమోదు చేసుకోవచ్చు, 21 ఏళ్ల లోపువారు ఆ లెక్కలోకి రారు. అంటే యువజట్టు నుంచి ఒకరిద్దరిని పైకి తెచ్చుకోగలిగిన క్లబ్బుకు లోతు ఉచితంగా దొరికినట్టే.

క్యాలెండర్‌ను వెనక నుంచి ముందుకు చదవండి

మ్యాచ్ ఆడిన ఆటగాడి కండరాల్లో ఖర్చయిన శక్తి తిరిగి నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆదివారం, బుధవారం, శనివారం మ్యాచ్‌లు ఉన్న వారంలో ఆ సమయం బొటాబొటిగా మిగులుతుంది, అందులో ఒక రాత్రి బస్సు ప్రయాణంలో గడిస్తే అదీ మిగలదు. అందువల్ల మొదట వచ్చే మ్యాచ్ గురించి ఆలోచించి జట్టును ఎంపిక చేయడం పొరపాటు. మూడింటిలో అతి కీలకమైనది ఏదో నిర్ణయించుకుని, దానికి ఎవరు తాజాగా ఉండాలో రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తూ మిగిలిన రెండు జట్లను కూర్చాలి. శనివారం మ్యాచ్ ముఖ్యమైతే, దాని తుది జట్టు ఆదివారానికి ముందే మీ పుస్తకంలో ఉండాలి.

ఆ మూడు మ్యాచ్‌లలో కలిపి 270 నిమిషాలు ఉంటాయి. మైదానం అంచుల వెంట పరుగెత్తే ఫార్వర్డ్‌లు, ఫుల్ బ్యాక్‌లు (అంచుల్లో ఆడే డిఫెండర్లు) అందులో 200 నిమిషాలు దాటకుండా నేను చూసుకుంటాను, ఎందుకంటే వేగంగా పరుగెత్తి ఒక్కసారిగా ఆగే పని వారిదే, తొడ వెనుక కండరం పట్టేసేదీ ఎక్కువగా వారికే. సెంటర్ బ్యాక్ మూడూ ఆడినా చాలాసార్లు తట్టుకుంటాడు. గోల్‌కీపర్ విషయంలో అలసట ప్రశ్నే రాదు. అతణ్ణి మార్చేది రెండో కీపర్‌ను సిద్ధంగా ఉంచుకోవడానికే, దానికి కప్ పోటీల తొలి రౌండ్లు సరిపోతాయి.

ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాసుకునే నిమిషాల పుస్తకం ప్రతి మ్యాచ్ తర్వాత అదే సాయంత్రం నింపాలి. ఒకసారి నేను ఈ పని వదిలేశాను. పదహారు మంది ఉన్న మా చిన్న జట్టు వరుసగా గెలుస్తోందని ఆరు మ్యాచ్‌లకు ఒకే పదకొండు మందిని దించాను. ఏడో మ్యాచ్‌లో ఇరవై నిమిషాలకే మా కుడివైపు బ్యాక్ తొడ పట్టుకుని కూర్చుండిపోయాడు. బెంచ్ మీద నుంచి లేచిన కుర్రాడు అప్పటివరకు ఆ సీజన్‌లో ఒక్క నిమిషం ఆడలేదు. బూట్ల లేసులు కట్టుకుంటున్నప్పుడు అతని వేళ్లు వణకడం నాకు స్పష్టంగా కనిపించింది. మైదానంలోకి వెళ్లాక ఎడమవైపు నుంచి బంతి వచ్చిన ప్రతిసారీ సెంటర్ బ్యాక్ వైపు చూసేవాడు, ముందుకు జరగాలా ఆగాలా అన్నది వారిద్దరి మధ్య ఎప్పుడూ కుదరలేదు. రెండు గోల్స్ ఆ సందులోంచే పడ్డాయి. ఆ రాత్రి పుస్తకం తెరిచి అతని పేరు ఎదురుగా సున్నా చూశాక, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది.

ఎంతమందిని మార్చాలి

సాధారణంగా ఒక మ్యాచ్‌కు రెండు నుంచి నాలుగు మార్పులు చాలు. జిదాన్ తొమ్మిది మార్పులు చేయగలిగాడంటే, ఆ తొమ్మిది మందిలో ఎక్కువమంది కలిసి అలవాటుగా ఆడుతూ వచ్చినవారే కావడం వల్ల. మార్పులు చేసేటప్పుడు జంటలను చూడాలి. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను ఒకేసారి మార్చకూడదు, అలాగే ఒకే వైపున ఉన్న ఫుల్ బ్యాక్‌ను, ముందు ఆడే వింగర్‌ను కలిపి తీసేయకూడదు. కొత్తగా వచ్చినవాడి పక్కన పాతవాడు ఒకడైనా ఉండాలి, ఎందుకంటే బయట డగౌట్ నుంచి మీరు అరిచే మాట కంటే పక్కవాడు నెమ్మదిగా చెప్పే మాట ముందుగా చేరుతుంది.

ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల నియమం వచ్చాక ఈ పని సులువైంది. 2020లో తాత్కాలికంగా అనుమతించిన ఈ మార్పు 2022లో ఆట నిబంధనల్లో స్థిరపడింది, అయితే విరామ సమయం కాకుండా ఆటను ఆపి మార్పులు చేసే అవకాశం మూడుసార్లే ఉంటుంది. మీ లీగ్ ఏది అనుసరిస్తోందో ముందుగా కనుక్కోవాలి. రెండు గోల్స్ ఆధిక్యం ఉన్నప్పుడు చాలామంది కోచ్‌లు ఎనభై ఐదో నిమిషం వరకు ఎవరినీ కదపరు. నేను మాత్రం అరవయ్యో నిమిషంలోనే ఇద్దరిని మార్చేస్తాను. బెంచ్ మీద ఉన్నవాడికి దొరికే ఆ అరగంట, సీజన్ చివర్లో మీకు అక్కరకు వస్తుంది.

అది ఎలా అక్కరకు వస్తుందో 1999 మే 26న బార్సిలోనాలో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో కనిపించింది. మాంచెస్టర్ యునైటెడ్ మిడ్‌ఫీల్డర్లు కీన్, స్కోల్స్ సస్పెన్షన్ వల్ల ఆడలేకపోయారు. బయెర్న్ మ్యూనిక్ 1-0 ఆధిక్యంలో ఉండగా, తొంభై నిమిషాలు ముగిశాక కలిపిన ఇంజురీ టైమ్‌లో యునైటెడ్‌కు షెరింగ్‌హమ్, సోల్షార్ చెరో గోల్ సాధించారు. ఇద్దరూ బెంచ్ నుంచి వచ్చినవారే. సోల్షార్ ఆ ఫిబ్రవరిలోనే నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌పై సబ్‌స్టిట్యూట్‌గా దిగి నాలుగు గోల్స్ కొట్టాడు. కోల్, యార్క్, షెరింగ్‌హమ్, సోల్షార్ అనే నలుగురు ఫార్వర్డ్‌లను యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ ఏడాది పొడవునా వాడుతూ వచ్చాడు.

ఆటగాడితో మాట్లాడటం

జట్టు నుంచి తప్పించిన విషయం ఆటగాడికి గోడ మీద అంటించిన కాగితం చూసి తెలియకూడదు. ముందు రోజు సాధన ముగిశాక, పక్కకు పిలిచి, రెండు విషయాలు చెప్పాలి: ఎందుకు ఆడటం లేదు, మళ్లీ ఎప్పుడు ఆడతాడు. ‘సార్, నేనేం తప్పు చేశాను?’ అన్న ప్రశ్న ప్రతి ఒక్కరి మనసులో ఉంటుంది, కొందరు అడుగుతారు, కొందరు ముఖం చాటేస్తారు. నిమిషాల పుస్తకం అతని ముందే తెరిచి చూపించండి. ‘తమ్ముడూ, పది రోజుల్లో రెండు వందల డెబ్బై ఆడావు, శనివారం నువ్వే మొదటి పేరు’ అని చెప్పినప్పుడు అంకె పని చేసినట్టు బుజ్జగింపు పని చేయదు. ఇచ్చిన ఆ మాట మాత్రం తప్పకూడదు. ఒక్కసారి తప్పితే ఆ తర్వాత ఏ పుస్తకం చూపించినా ఎవరూ నమ్మరు.

జట్టు చిన్నదైతే

రొటేషన్ అందరికీ అవసరం కాదు. 2015-16లో ప్రీమియర్ లీగ్ గెలిచిన లెస్టర్ సిటీ తుది జట్టులో మార్పులు చాలా తక్కువ చేసింది. యూరప్ పోటీలు లేవు, దేశవాళీ కప్‌ల నుంచి త్వరగా నిష్క్రమించింది, చాలా వారాల్లో ఒకే మ్యాచ్ ఉండేది. వారానికి ఒక్కసారి ఆడే జట్టు కుదిరిన పదకొండు మందిని అనవసరంగా కదపకూడదు, కానీ పట్టిక, నిమిషాల పుస్తకం దానికీ కావాలి.

పదిహేను, పదహారు మందితో నడిచే మన ఊళ్ల క్లబ్బులకు ఒక హైదరాబాదీ కోచ్ దారి చూపించాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను బెంచ్‌కు పరిమితం చేయకుండా సెమీఫైనల్, ఫైనల్‌లలో ఫార్వర్డ్‌గా దించాడు. జర్నైల్ రెండింటిలోనూ గోల్ చేశాడు, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఇది పైన లివర్‌పూల్ గురించి చెప్పినదానికి విరుద్ధంగా అనిపించవచ్చు. తేడా ఏమిటంటే జర్నైల్‌కు ముందు వరుసలో ఆడిన అనుభవం ఉంది, రహీంకు ఆ సంగతి తెలుసు. మీ జట్టులోని ప్రతి ఆటగాడు చిన్నప్పుడు ఏ స్థానంలో ఆడేవాడో అడిగి, పట్టికలో అదనంగా ఒక గడి గీసి రాసుకోండి. సాధనలో వారానికి ఒక రోజు ఇరవై నిమిషాలు అందరినీ ఆ రెండో స్థానంలో ఆడించండి.

గాయం నుంచి తిరిగి వచ్చినవాణ్ణి మొదటి మ్యాచ్‌లో చివరి ఇరవై నిమిషాలు, తర్వాతి దానిలో అరగంట, ఆ పైన ఒక అర్ధభాగం ఆడించి, నాలుగో మ్యాచ్‌కు తుది జట్టులోకి తీసుకోవాలి. నెలకోసారి పట్టికను కొత్త కాగితం మీద మళ్లీ రాయండి. పాతదాన్ని కొట్టివేతలతో దిద్దవద్దు, ఎందుకంటే అక్టోబర్‌లో రెండో పేరుగా ఉన్నవాడు జనవరికి మొదటి పేరు అయి ఉండవచ్చు, పాత కాగితం ఆ సంగతి మీకు కనిపించనివ్వదు.