ఇంట్లోనే కారు భాగాలకు రంగు వేద్దాం – 3వ పాఠం: ప్రైమర్ మీద చెయ్యి కుదరాలి

కిందటి పాఠం పూర్తి చేసినవాళ్ల ముందు ఇప్పుడు మెరుపు పోయిన ఒక ఫెండర్ (చక్రం పైనుండే రేకు భాగం) ఉండాలి. సొట్ట పడినచోట పుట్టీ పెట్టి 80, 180, 320 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్దారు. పాత రంగు తెగిన చోట వలయాలు కనిపిస్తుంటాయి. బయట క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర), ఆ లోపల రంగు, తర్వాత పాత ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), నడిమధ్య రేకు. ఈ వలయాలు వెడల్పుగా ఉంటే వాలు బాగా కుదిరిందన్నమాట. గీతల్లా సన్నగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అక్కడ ఇంకా మెట్టు ఉంది.

ఆ మెట్టును కంటితో వెతక్కండి. పలచని నూలుగుడ్డ పరిచి, కళ్లు మూసుకుని, దాని మీదుగా అరచెయ్యి నెమ్మదిగా పోనివ్వండి. ఉత్తి చేతికి చర్మం రేకును పట్టుకుంటుంది. గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే ఉంటుంది. అంటే మిల్లీమీటరులో పదోవంతు, ఆపైన ఇంకాస్త. అంత చిన్న మెట్టు కూడా చేతికి దొరుకుతుంది. ఇప్పుడు చేతికి తగిలింది రేపు రంగు మెరిసినప్పుడు అందరి కంటికీ తగులుతుంది. కాబట్టి మెట్టు ఉంటే మళ్లీ 320 పట్టుకోండి, ఈ పాఠం రేపు చదవొచ్చు.

ప్రైమర్ ఒక్కదానికే ఒక పాఠం ఎందుకని అనిపించొచ్చు. రంగు వేసేటప్పుడు చెయ్యి తడబడితే ఆ తప్పు దాదాపు అలాగే మిగిలిపోతుంది. మెరిసే లోహపు పొడి కలిసిన మెటాలిక్ రంగైతే మరీను. ప్రైమర్ అలా కాదు. కారిపోయినా, గరుకుగా పడినా, ఒకచోట మందంగా ఇంకోచోట పలచగా పడినా రుద్దేస్తే పోతుంది. ఎలాగూ రుద్దబోయే పొరే అది. అందుకే స్ప్రే చెయ్యడం నేర్చుకోవాల్సింది ఇక్కడే అని నా గట్టి నమ్మకం. చాలామంది ప్రైమర్‌ను గబగబా కొట్టేసి, అసలు సాధన రంగుతో మొదలుపెడతారు. ఇంట్లో వేసిన రంగులు ఎక్కువగా పాడయ్యేది అందుకే.

ఏ ప్రైమర్?

రేకు బయటపడినచోట నేరుగా ఫిల్లర్ ప్రైమర్ కొట్టకూడదు. ముందు రేకును పట్టుకునే ప్రైమర్ పలచగా ఒక పొర వేయాలి. దీనికి ఎపాక్సీ ప్రైమర్ గానీ ఎచ్ ప్రైమర్ గానీ వాడతారు. ఎచ్ ప్రైమర్‌లో యాసిడ్ ఉంటుంది కాబట్టి దాన్ని పుట్టీ మీద పడనివ్వకండి, రేకు మీదికే పరిమితం చేయండి. ఆ పైన వచ్చేది ఫిల్లర్ ప్రైమర్. కాస్త మందంగా కట్టి, రుద్దుడు గీతల్ని నింపేది ఇదే. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగమైతే మొదటి పొరగా ప్లాస్టిక్ ప్రైమర్ వేయాలి, లేకపోతే కొన్నాళ్లకు రంగు పెచ్చులుగా లేస్తుంది. బంపర్ లోపలి వైపు పీపీ అనే అక్షరాలు అచ్చుపోసి ఉంటే అది పాలీప్రొపిలీన్. రంగు అంత తేలిగ్గా అంటని ప్లాస్టిక్ అది.

డబ్బాల మీద వన్‌కే, టూకే అని రాసి ఉంటుంది. వన్‌కే అంటే లోపలి ద్రావకం ఆవిరై ఆరేది. టూకే అంటే హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిశాక రసాయన చర్యతో గట్టిపడేది. టూకే ఎక్కువ గట్టిది, ఎక్కువ కాలం నిలుస్తుంది, అందులో సందేహం లేదు. అయినా ఈ ధారావాహికలో మనం వన్‌కేతోనే వెళ్తాం. దానికి కారణం మీ ఊపిరితిత్తులు. కార్ల టూకే రంగుల్లో వాడే హార్డెనర్‌లో సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటిని పీలిస్తే ఉబ్బసం రావొచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత అతి కొద్దిగా తగిలినా ఊపిరాడని పరిస్థితి వస్తుంది. వాటి వాసన మనకు తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుంది కాబట్టి, మాస్కు పనిచేస్తోందో లేదో ముక్కుతో కనిపెట్టలేం. బయటి నుంచి మంచి గాలి పంపే మాస్కు, తగిన గది లేకుండా ఇంట్లో టూకే స్ప్రే చెయ్యకండి. ఇందులో నేను సర్దుబాటుకు సిద్ధంగా లేను.

వన్‌కేకి కూడా గుడ్డ మాస్కు చాలదు. ఆర్గానిక్ ఆవిరిని పట్టే కార్ట్‌రిడ్జ్, దాని ముందు తుంపరను ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. పని కాగానే కార్ట్‌రిడ్జ్‌లను గాలి చొరని సంచిలో మూసిపెట్టండి. బయట వదిలేస్తే వాటిలోని కార్బన్ చుట్టూ ఉన్న గాలిలోని ఆవిర్లను పీల్చుకుంటూ అయిపోతుంది. తలుపులు తెరిచి ఉంచండి. పొయ్యి, దీపం, హీటర్ ఏదీ దగ్గర్లో వెలగకూడదు.

తుడవడం

నూనె మరక కంటికి కనబడదు, ప్రైమర్‌కి మాత్రం కనబడుతుంది. దాని మీద పడిన రంగు చెదిరి చిన్న చిన్న గుంటలు పడతాయి. వీటినే ఫిష్ ఐ అంటారు. డ్యాష్‌బోర్డు పాలిష్, టైర్ పాలిష్ లాంటి వాటిలోని సిలికాన్ దీనికి ముఖ్య కారణం. అవి పనిచేసే గదిలోకే రాకూడదు.

పెట్రోలు, కిరోసిన్‌తో తుడిచే అలవాటు కొందరికి ఉంది, అది మానుకోండి. నిప్పు ప్రమాదం ఒకటి, పైగా జిడ్డు పొర మిగిలిపోతుంది. గాఢమైన థిన్నర్ అయితే కింది పొరనే మెత్తబరుస్తుంది. జిడ్డు తీయడానికే చేసిన ద్రావణం తెచ్చుకుని రెండు గుడ్డలు పెట్టుకోండి. తడిగుడ్డతో ఒక జానెడు మేర తుడిచి, ఆ తడి ఆరేలోపే పొడిగుడ్డతో లాగేయాలి. తడి దానంతటదే ఆరిపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక గంటసేపు తుడిచి కూడా ఫలితం లేనివాళ్లు ఉన్నారు.

శుభ్రపడిందా లేదా తెలుసుకోవాలంటే పాత రంగు ఉన్న భాగం మీద కాసిని మంచినీళ్లు చల్లండి. నీళ్లు పలచని పొరలా పరుచుకుంటే సరే. తామరాకు మీద లాగా బొట్లుబొట్లుగా ముడుచుకుంటే అక్కడ ఇంకా జిడ్డుంది. పుట్టీ మీద, ఉత్తి రేకు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు. పుట్టీ నీళ్లు తాగుతుంది, రేకు తుప్పు పడుతుంది. తుడిచాక ఆ భాగాన్ని చేత్తో తాకకండి, వేలిముద్రలో కూడా నూనె ఉంటుంది.

చెయ్యి

ఇప్పుడు అసలు పని. ముందు ఒక పెద్ద అట్టముక్క గోడకు నిలబెట్టండి. స్ప్రే డబ్బాలోని గుండు చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు బాగా ఊపండి. వాతావరణం చల్లగా ఉంటే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచొచ్చు. వేడినీళ్లు, పొయ్యి వద్దు. 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలే ప్రమాదం ఉంది. పనికి 20 నుంచి 25 డిగ్రీల వేడి, పొడి గాలి అనువైనవి. ముసురు పట్టిన రోజున ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పొర తెల్లగా పాలిపోతుంది. అలాంటి రోజు పని మానేయడమే మంచిది.

డబ్బా మూతికీ అట్టకీ మధ్య జానెడు దూరం ఉండాలి. మన జాన సుమారు 20 నుంచి 22 సెంటీమీటర్లు, కావలసింది సరిగ్గా అదే. కొలబద్ద వెతుక్కోనక్కర్లేదు, ప్రతిసారీ మొదలుపెట్టే ముందు జాన పెట్టి చూసుకోండి.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. మణికట్టు తిప్పుతారు. అప్పుడు మధ్యలో డబ్బా దగ్గరగా, రెండు చివర్లా దూరంగా ఉంటుంది. మధ్యలో రంగు కారుతుంది, చివర్లు పొడిపొడిగా మిగులుతాయి. మణికట్టు, మోచెయ్యి బిగబట్టి, కదలిక భుజం నుంచి రానివ్వండి. భాగం పొడవుగా ఉంటే కాళ్లు కూడా కదలాలి. గోడకు సున్నం కొట్టేవాళ్లను గమనించండి, ఒళ్లంతా పక్కకు నడుస్తుంది తప్ప చెయ్యి ఒక్కటే ఊగదు.

మీట నొక్కేది అట్ట అంచుకు ముందే, వదిలేది అంచు దాటాకే. అంచు లోపల మొదలుపెడితే మొదటి తుంపర లావుపాటి చుక్కలుగా పడుతుంది. ప్రతి వరస దాని ముందు వరసలో సగాన్ని కప్పాలి. ఇక వేగం అంకెల్లో చెప్పినా ఉపయోగం లేదు, అది కంటితో పట్టుకోవాలి. ట్యూబ్‌లైటు మీకు ఎదురుగా, పని అవతల ఉండేలా నిలబడితే, పడుతున్న తడిలో ఆ వెలుగు కనిపిస్తుంది. వెలుగు గీత అంచులు నూగునూగుగా ఉంటే మీరు వేగంగా పోతున్నారు. గీత నున్నగా కలిసిపోతుంటే వేగం సరిపోయింది. తడి బరువెక్కి కిందికి జారేలా అనిపిస్తే అప్పటికే ఆలస్యం చేశారు. ఇది మాటల్లో నేర్చుకోలేం. అట్ట మీద కావాలనే ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి కారేదాకా కొట్టి మూడూ చూడండి. కారే ముందు క్షణం ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లతో చూస్తే ఇక మర్చిపోరు.

అట్ట మీద వరుసగా అయిదారు గీతలు ఒకే తీరుగా వస్తే ఫెండర్ దగ్గరికి వెళ్లండి. మొదటి పొర పలచగా, కింద ఉన్నది ఇంకా కనబడేలా వేయండి. 10 నుంచి 15 నిమిషాలు ఆగి రెండో పొర తడిగా, మళ్లీ అంతే ఆగి మూడోది. ఆరిందో లేదో చూడటానికి ఫెండర్‌ను ముట్టుకోవద్దు. పక్కనున్న మాస్కింగ్ టేపు మీద పడిన ప్రైమర్‌ను వేలితో తాకండి, తీగ సాగకపోతే తర్వాతి పొరకు వెళ్లొచ్చు. అంచులకు, మూలలకు ముందుగా ఒక పలచని వరస వేసుకోండి, పెద్ద వరసల్లో అవి ఎప్పుడూ తప్పిపోతుంటాయి.

ఆ తర్వాత వదిలేయండి, కనీసం ఒక రాత్రి. గంటలో చేతికి పొడిగా తగులుతుంది, కానీ లోపల ద్రావకం ఇంకా ఉంటుంది. అది బయటికి పోతున్నకొద్దీ ప్రైమర్ కుంచించుకుని కింది గీతల్లోకి దిగుతుంది. నేను మొదట రంగు వేసిన ఫెండర్‌కు ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ ఒకే పగలు పూర్తి చేశాను. సాయంత్రానికి అద్దంలా ఉంది. రెండు వారాలకు పుట్టీ చుట్టూ రుద్దిన గీతలన్నీ ఒక్కొక్కటిగా పైకి తేలాయి. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ బాధ గుర్తుండే ఈ ఒక్క రాత్రి గురించి ఇంతగా చెబుతున్నాను.

గైడ్ కోట్

మర్నాడు ప్రైమర్ మీద నల్లరంగు స్ప్రేను రెండు జానల దూరం నుంచి దుమ్ము రాలినట్టు చల్లండి. కప్పేయకూడదు, చుక్కలు పడితే చాలు. అది ఆరాక రబ్బరు బ్లాకుకు 400 నంబరు వాటర్ పేపర్ చుట్టి, నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపి, ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి రుద్దండి. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు పోతుంది, పల్లంలో మిగులుతుంది. ఫెండర్ తన లోపాల పటాన్ని తానే గీసి చూపిస్తుంది. ఈ పనిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన దశ ఇదే.

నల్లమచ్చ మిగిలిన చోట వేలితో రుద్ది దాన్ని పోగొట్టాలనిపిస్తుంది. ఆ పని చెయ్యకండి. నలుపు పోతుంది, పల్లం అలాగే ఉంటుంది, పైగా వేలి వెడల్పున ఇంకో గాడి పడుతుంది. బ్లాకుతోనే రుద్దండి. అప్పటికీ మచ్చ పోకపోతే అక్కడ ఇంకో రెండు పొరల ప్రైమర్ కావాలి. రుద్దుతుండగా రేకు గానీ పుట్టీ గానీ బయటపడితే వెంటనే నీళ్లు ఆపి, తుడిచి ఆరబెట్టి, ఆ చోట మళ్లీ ప్రైమర్ వేయండి. ఫెండర్ మీద పదునైన మడత గీత ఉంటే దాని మీద సన్నటి మాస్కింగ్ టేపు అంటించి రెండు పక్కలా రుద్దండి, చివర్లో టేపు తీసి ఆ గీతను చేత్తో రెండుసార్లు తేలిగ్గా తుడిచినట్టు రుద్దితే సరిపోతుంది. మడతల దగ్గర ప్రైమర్ ఇట్టే తెగిపోతుంది.

నలుపు మొత్తం పోయాక 600 నంబరుతో ఒకసారి రుద్దాలి. మెటాలిక్ రంగు వేయబోతుంటే 800 దాకా వెళ్లండి, గరుకు గీతలుంటే రంగులోని లోహపు పొడి వాటి వెంట వరసకట్టి కనిపిస్తుంది.

వచ్చే పాఠంలోపు

ప్రైమర్ రుద్దిన ఫెండర్ మీద జిడ్డు తీసే ద్రావణం తడిగా రాయండి. అది తడిగా ఉన్న కొద్ది సెకన్లూ ఫెండర్ క్లియర్ వేసినట్టే మెరుస్తుంది. అప్పుడు ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని ఒక చివర నుంచి రెండో చివరకు నడిపించి చూడండి. ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, మళ్లీ గైడ్ కోట్ దగ్గర నుంచి చేయండి. గుర్తు పెట్టాల్సిన చోటు ఒక్కటి కూడా లేని రోజున ఫెండర్ రంగుకు సిద్ధం.

అప్పటిదాకా దాన్ని మంచు, వాన తగలని చోట ఉంచండి. వన్‌కే ప్రైమర్ తేమను పీలుస్తుంది. పైన ఉతికిన పాత దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. తలుపు స్తంభం మీదో బానెట్ కిందో ఉన్న స్టిక్కర్‌లో మొదటి పాఠంలో చూసుకున్న రంగు కోడ్‌ను ఇంకోసారి సరిచూసుకోండి. 4వ పాఠంలో ఆ రంగు డబ్బా తెరుస్తాం.