కలివికోడి కోసం ప్రచారం, నాలుగో పాఠం: మందకాడ మాట

కలివికోడి అనే అరుదైన పిట్టను కాపాడుకోవడానికి పోయినసారి చెప్పిన గోడపత్రం పాఠం చదివి మీలో చాలామంది నిజంగానే పత్రాలు అంటించినారు. సంతోషం. కానీ మీరు పంపిన ఫోటోలు చూసి గుండె జారింది. చాలావాటిలో ఉన్నది కలివికోడి కాదు, తీతువు. అందుకే అర్జీ రాసే పాఠాన్ని వచ్చేసారికి జరిపినాను.

ఇది చిన్న తప్పు కాదు. తీతువును గొర్రెల కాపరి రోజూ బీట్లో చూస్తాడు. "ఇదా? ఎన్ని కావాల?" అంటాడు. అరుదైన పిట్ట అన్న మీ మాట అతని కళ్లముందే అబద్ధమైపోతుంది. తర్వాత సరైన బొమ్మ పట్టుకుపోయినా వినడు.

గుర్తులు చూడండి. తీతువుకు కంటి ముందర పసుపో ఎరుపో తోలు వేలాడుతుంది, పగలు కూడా తిరిగి గోల చేస్తుంది. కలివికోడికి ఆ తోలు ఉండదు. కంటిపైన వెడల్పాటి తెల్లచార, రొమ్ముకు అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, వాటి నడుమ తెలుపు. పెద్ద కళ్లు, ఎందుకంటే అది రాత్రిపిట్ట. పట్టీలు రెండూ లెక్కపెట్టందే ఏ బొమ్మా అచ్చుకు ఇవ్వొద్దు. నేనైతే ఫోటో కన్నా పెన్సిలుతో గీసిన బొమ్మే తీసుకుపోతాను. పట్టీలు కొట్టొచ్చినట్టు చూపించొచ్చు.

ఇక మాట్లాడటం. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి చెప్పిన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల కింద మళ్లీ దొరికిందంటే, రాత్రిళ్లు ఆ కంపల్లో తిరిగే స్థానిక వేటగాడి ఎరుకే కారణం. కాబట్టి చెప్పడానికి పోవద్దు, అడగడానికి పోండి.

"చిన్నాయనా, రాత్రి మందకాడ పండుకున్నప్పుడు కంపల్లో ఏ పిట్ట అరుస్తాది?"

అంతే. ఆపైన నోరు మూసుకోండి. పిట్ట పేరు మీరే ఎత్తితే, మిమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక "ఆ, చూసినా" అంటాడు.

"మేపొద్దు" అని మాత్రం అనొద్దు. ఈ పిట్టకు పొదా కావాల, పొదకూ పొదకూ నడుమ పరుగెత్తే బయలూ కావాల. కంప మరీ కమ్ముకున్నా ఉండదు, జేసీబీ పెట్టి మొత్తం చదును చేసినా ఉండదు. తెలుగుగంగ కాలువ పనుల్లో పోయింది ఆ పొదలే. మందతో తిరిగేవాడు మనకు శత్రువు కాడు, కాపలాదారు.

లంకమల అభయారణ్యంలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలన్న సంగతి మీకు తెలిసిందే.

అభ్యాసం: ఈ నెలలో ఐదుగురు కాపరులతో ఒక్కొక్కరి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. సెల్‌ఫోను సంచిలోనే ఉండాల. ఇంటికొచ్చినాక వాళ్లు చెప్పిన అరుపులు, జాడలు, పిట్టల పేర్లు వాళ్ల మాటల్లోనే రాయండి, మీ మాట ఒక్కటి కలపకుండా. పిట్ట కనబడిన చోటు పేరు మాత్రం ఎక్కడా రాయొద్దు.