ఉయ్యాల పాటలు ఇంట్లోనే రికార్డు చేసి పసిపిల్లల వైద్యానికి విరాళం పోగుచేయడం ఎలా?

మా పాప నెలలు నిండకముందే పుట్టింది. 19 రోజులు నవజాత శిశువుల వార్డులో ఉంది. పాపను గుండెకు ఆనించుకుని కూర్చున్న ఆ గంటల్లో, నా చుట్టూ ఉన్న తల్లులు ఏదో ఒకటి సన్నగా పాడుతూనే ఉండేవాళ్ళు. పీలేరు నుంచి వచ్చినావిడది ఒక పాట, శ్రీకాళహస్తి ఆవిడది ఇంకొకటి. చిన్నప్పటి నుంచి వయొలిన్ వాయిస్తున్నాను, అయినా వాటిలో సగం నేనెప్పుడూ వినలేదు. తిరుపతిలో మా ఇంటికి వచ్చాక, మా ఇంటి పాటలు తొమ్మిది రికార్డు చేశాను. వాటి మీద వచ్చే డబ్బు పేదపిల్లల వైద్యానికి వెళ్ళేలా చూశాను. మీరూ చేయొచ్చు, స్టూడియో అక్కర్లేదు.

ముందు పాటలు పోగుచేయండి

పుస్తకాల్లో వెతకొద్దు, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మా అవ్వది పలమనేరు దగ్గర పల్లె. మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఫోన్ పెట్టి పాడమంటే రెండో చరణం దగ్గరే ఆగిపోయింది. "ఇట్ల కూర్చుంటే యాడ గుర్తొస్తాది మే? ఉయ్యాల ఊపుతా ఉంటే అదే నోటికొస్తాది" అంది. పాపను చీర ఉయ్యాలలో పడుకోబెట్టి తాడు చేతికిచ్చాను. ఆరు చరణాలు వచ్చాయి.

కాబట్టి వాళ్ళు ఏ పని చేస్తూ పాడేవాళ్ళో ఆ పని చేయిస్తూనే పాడించండి. మధ్యలో ఆపొద్దు, మాట దిద్దొద్దు. అవ్వ 'వస్తాది' అంటే పాటలోనూ అదే ఉండాలి. అర్థం కాని మాట ఉంటే రాసిపెట్టుకుని, తర్వాత ఇంకో పెద్దావిడను అడగండి.

హక్కులు చూసుకోండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎవరు రాశారో తెలియని పాత జానపదం మీద ఎవరికీ హక్కు ఉండదు. కానీ మనం జానపదమనుకునే బడి పాటల్లో కొన్నింటికి కవులున్నారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచనకూ సంగీతానికీ ఆ కర్త చనిపోయాక 60 ఏళ్ళ వరకూ హక్కు ఉంటుంది.

తిరుపతి వాళ్ళం కదా, అన్నమయ్య జోల పాడకుండా ఉండలేం. ఆయన 1503లో పరమపదించారు, సాహిత్యానికి అడ్డేమీ లేదు. వరసల (బాణీల) సంగతి వేరు. తిరుమలలో దొరికిన, ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. మనం వినే వరసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వాళ్ళలో పెద్దవారైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1979లోనే కన్నుమూశారు. అంటే 60 ఏళ్ళు ఇంకా నిండలేదు. అనుమతి తీసుకోండి, లేదా రాగిరేకు చెప్పిన రాగంలోనే మీ సొంత వరస కట్టుకోండి. నేను రెండోదే చేశాను, ఎంతో తృప్తిగా ఉంది. సినిమా పాటలు వద్దు.

శ్రుతి, నడక

కచేరీలో పాడే శ్రుతి కంటే ఒకటిన్నర, రెండు మెట్లు దిగండి. గొంతు ఎత్తకుండా, పక్కన బిడ్డ నిద్రపోతున్నట్టే పాడాలి.

నడకను, అంటే పాట వేగాన్ని, ఉయ్యాలే చెప్తుంది. దూలం నుంచి బిడ్డ దాకా సుమారు మీటరున్నర ఉన్న మా ఉయ్యాల నిమిషానికి 24 సార్లు వెళ్ళి వస్తుంది. ఎంత గట్టిగా ఊపినా ఆ లెక్క పెద్దగా మారదు. తాడు పొడవు పెరిగితేనే ఊపు నెమ్మదిస్తుంది. వెళ్ళేటప్పుడొక దెబ్బ, వచ్చేటప్పుడొక దెబ్బ వేసుకుంటే నిమిషానికి 48. మెట్రోనోమ్‌ను (దెబ్బలు లెక్కగా వినిపించే పరికరాన్ని) అక్కడ పెట్టుకుని వాయించాను, అవ్వ పాటకు సరిగ్గా సరిపోయింది. తంబూరా, ఒక వయొలిన్ చాలు. తాళవాద్యాలు వద్దనే నా అభిప్రాయం.

రికార్డింగ్

పసిబిడ్డ రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తుంది. పాలు పట్టి పడుకోబెట్టాక దొరికే ముప్పావు గంటే మీ సమయం. మైకు, ల్యాప్‌టాప్ ముందే సిద్ధంగా ఉంచండి. రోజుకు ఒక్క పాట పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

గదిలో బట్టల బీరువా తలుపులు తెరిచి, వెనక బొంతలు వేలాడదీయండి. గొంతు గోడలకు తగిలి మోగదు. ఫ్యాన్ ఆపాలి కాబట్టి ఎండాకాలంలో రాత్రి పదయ్యాకే కూర్చోండి. మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిరిగి పాడితే 'ప', 'బ' అక్షరాల దగ్గర గాలి కొట్టదు. రికార్డింగ్ సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు (WAV) పెట్టుకోండి. గట్టిగా పాడిన చోట కూడా రికార్డింగ్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడండి. మైకు లేకపోతే మంచి ఫోన్ చాలు, ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి.

మా ఇల్లు స్టేషన్‌కు దగ్గర. రైలు కూత పడిన చరణాన్ని మళ్ళీ పాడాను. ఉయ్యాల తాడు కిర్రుమన్న చప్పుడు మాత్రం తీసేయలేదు. మీరూ తీయొద్దు.

డబ్బు మీ ఖాతాలోకి రానీయకండి

నేను గట్టిగా చెప్పేది ఇదే. నమోదైన ట్రస్టును ఎంచుకుని, దాని సొంత వెబ్‌సైట్ లింకే అందరికీ ఇవ్వండి. పేద రోగుల ఖరీదైన వైద్యానికి టీటీడీ వారి శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు ఉంది, నేను దాన్నే ఎంచుకున్నాను. విరాళం కట్టి రసీదు చూపినవాళ్ళకు పాటల లింకు పంపాను. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, నాణ్యత తగ్గదు. ఏ సంస్థ పేరైనా, బొమ్మైనా పాటల ఆల్బమ్ అట్ట మీద వేయాలంటే ముందు వాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

అమెరికాలో ఉన్న చుట్టాలు కూడా అడుగుతారు. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి ఇవ్వొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. దాన్ని తీసుకోవడానికి ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉండాలి, ముందే కనుక్కోండి.

వినేవాళ్ళకు ఒక మాట రాసి పంపండి: పసిబిడ్డ చెవికి ఇయర్‌ఫోన్లు పెట్టొద్దు, స్పీకరు ఉయ్యాలకు దూరంగా, మెల్లగా మాట్లాడే గొంతంత చప్పుడుతో ఉంచాలి.

అవ్వ ఒక్కతే పాడిన అసలు రికార్డింగులను తేదీ, ఊరి పేరు, ఆ పాట ఆమెకు ఎవరు నేర్పారో రాసి రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. మా వాటి మీద "నేర్పింది: అవ్వ వాళ్ళమ్మ, పలమనేరు" అని ఉంది.